కేన్సర్ చికిత్స ముగిసినా వదలని నీరసం: కారణాలు, జాగ్రత్తలు, ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాల్సినవి

కీమో చివరి డోసు అయిపోతుంది. స్కాన్‌లో ఏమీ కనిపించలేదని డాక్టర్ చెబుతారు. ఇంట్లో షుక్రానా నఫిల్ చదువుతారు, చుట్టాలొచ్చి మిఠాయి తినిపించి వెళ్తారు. ఇక అంతా మామూలే అనుకుంటారు. కానీ రెండు మూడు నెలలు గడిచినా మనిషిలో ఓపిక రాదు. పొద్దున లేవగానే నిద్రపోనట్టు ఉంటుంది. నాలుగు గిన్నెలు కడిగితే కూర్చోవాలనిపిస్తుంది. దుకాణంలో గంటసేపు నిలబడితే కాళ్ళు తేలిపోతాయి. 'రిపోర్టు క్లీన్‌గా వచ్చింది కదా, ఇంకా ఈ కమ్‌జోరీ ఏమిటి?' అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. రోగి దగ్గర జవాబు ఉండదు.

జవాబు వైద్యంలో ఉంది. దీన్ని కేన్సర్ సంబంధిత అలసట అంటారు. కేన్సర్‌కీ, దాని చికిత్సకీ వచ్చే దుష్ఫలితాల్లో ఇదే చాలా ఎక్కువమందిలో కనిపించేది. ఇది బద్ధకం కాదు, మనసు బలహీనం కావడమూ కాదు. దీనికి కారణాలున్నాయి. వాటిలో కొన్ని ఒక చిన్న రక్తపరీక్షతో బయటపడి, మందుతో తగ్గిపోయేవి. 'కేన్సర్ అంటే అలాగే ఉంటుందిలే' అని సర్దుకుపోతే మాత్రం అవి ఏళ్ళ తరబడి దొరక్కుండా ఉండిపోతాయి.

మామూలు అలసటకీ దీనికీ తేడా

పొలంలో పనిచేసినా, పెళ్ళి పనులతో రెండు రోజులు నిద్ర లేకపోయినా అలసట వస్తుంది. ఒక రాత్రి బాగా పడుకుంటే పోతుంది. ఈ అలసట అలా పోదు. దీన్ని గుర్తుపట్టడానికి మూడు లక్షణాలు ఉన్నాయి.

- చేసిన పనికీ వచ్చిన అలసటకీ పొంతన ఉండదు. స్నానం చేసి బట్టలు మార్చుకోవడమే పెద్ద పనిలా అనిపిస్తుంది.
- నిద్రపోయినా, రోజంతా పడుకున్నా తీరదు.
- శరీరంతోపాటు మనసుకీ బుర్రకీ కూడా వస్తుంది. చదివింది గుర్తుండదు, మాట మధ్యలో పదం తట్టదు, చిన్న లెక్కకీ తడబడతారు, ఊరికే చిరాకు వస్తుంది.

ఎంతకాలం ఉంటుంది?

కీమో సమయంలో ప్రతి డోసు తర్వాత కొన్ని రోజులు నీరసం ఎక్కువగా ఉండి, తర్వాతి డోసు నాటికి కొంత తేరుకుంటారు. మన దగ్గర చాలామంది 'కరెంటు పెట్టడం' అని పిలిచే రేడియేషన్‌లో అలా కాదు. వారం వారం పెరుగుతూ, చికిత్స చివరికి ఎక్కువవుతుంది.

చికిత్స ఆగాక చాలామందిలో కొన్ని వారాలు, నెలల్లో మెల్లగా తగ్గుతుంది. చాలావరకు ఏడాదిలోపు తేరుకుంటారు. అయితే పావు వంతు నుంచి మూడో వంతు మందిలో ఇది ఏళ్ళ తరబడి ఉండవచ్చని పరిశోధకులు చెబుతున్నారు. కొందరిలో పదేళ్ళ వరకూ గమనించారు. రొమ్ము కేన్సర్ తర్వాత టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు ఏళ్ళపాటు వాడేవారికి వాటి వల్ల కూడా నీరసం కొనసాగవచ్చు. అంతమాత్రాన ఆ మాత్రలు సొంతంగా ఆపకూడదు. జబ్బు తిరిగి రాకుండా కాపాడేవి అవే.

ఇక్కడ పోలికలు పనికిరావు. 'యువరాజ్ సింగ్ అదే ఏడాది క్రికెట్ ఆడాడు కదా' అని అంటుంటారు. నిజమే, 2012లో అమెరికాలో కీమో చేయించుకుని, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇండియా తరఫున మళ్ళీ మైదానంలోకి దిగాడు. అతను ముప్పై ఏళ్ళ ఆటగాడు. మన ఇంట్లో 55 ఏళ్ళ అమ్మకి షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి కూడా ఉండొచ్చు. జబ్బు రకం వేరు, చికిత్స వేరు, శరీరం వేరు.

ముందు వెతకాల్సినవి: సరిచేయగల కారణాలు

నీరసం మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, తర్వాతి చెకప్‌లో ఈ విషయాలు చూడమని డాక్టర్‌ను నోరు తెరిచి అడగాలి.

- రక్తహీనత. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళలో 12, మగవాళ్ళలో 13 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే కేన్సర్ రాకముందే చాలామందికి రక్తం తక్కువ. దానిమీద కీమో పడుతుంది.
- థైరాయిడ్. నోరు, గొంతు కేన్సర్లకి మెడ భాగంలో రేడియేషన్ తీసుకున్నవారిలో థైరాయిడ్ మెల్లగా మందగించవచ్చు. అది కొన్నేళ్ళ తర్వాత కూడా రావచ్చు. అలాంటివారు 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. గుట్కా, ఖైనీ వల్ల నోటి కేన్సర్ వచ్చి చికిత్స అయినవారి ఇళ్ళల్లో ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.
- గుండె. డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ వంటి మందులు కొందరిలో గుండె బలాన్ని తగ్గిస్తాయి. నీరసంతోపాటు ఆయాసం, కాళ్ళ వాపు ఉంటే ఎకో పరీక్ష అవసరం కావచ్చు.
- షుగరు, కిడ్నీ, కాలేయం, విటమిన్ బీ12, విటమిన్ డీ. చికిత్సలో వాడిన స్టెరాయిడ్ల వల్ల షుగరు పెరిగి ఉండొచ్చు.
- వాడుతున్న ఇతర మందులు. కొన్ని నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు, బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు పగలు మత్తుగా ఉంచుతాయి. మందుల సంచీ మొత్తం డాక్టర్ ముందు పెట్టి చూపించాలి.
- నొప్పి, నిద్రలేమి, దిగులు. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. 'ఎందుకు నిద్రపట్టడం లేదు' అని అడిగితే, చాలాసార్లు 'జబ్బు మళ్ళీ వస్తుందేమో' అనే భయం బయటికి వస్తుంది.

ఇవన్నీ మామూలుగానే ఉండి కూడా నీరసం ఉంటే, అది అబద్ధమని కాదు. చికిత్స తర్వాత శరీరంలో మిగిలిపోయే వాపు స్వభావం, నెలల తరబడి మంచంలో ఉండటంతో కండ తగ్గిపోవడం కూడా కారణాలే.

డాక్టర్‌కి ఎలా చెప్పాలి

ఓపీలో దొరికేది ఐదు నిమిషాలు. 'నీరసంగా ఉంది సార్' అంటే 'బాగా తినండమ్మా' అని ముగిసిపోయే అవకాశం ఎక్కువ. అంకెలతో చెబితే పని జరుగుతుంది. గత వారం నీరసం సున్నా నుంచి పది వరకు ఎంత? 1 నుంచి 3 అయితే తక్కువ. 4 నుంచి 6 మధ్యస్థం. 7 నుంచి 10 తీవ్రం. 4 లేదా అంతకంటే ఎక్కువైతే కారణం వెతకాల్సిందేనని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి.

ఒక నోటుబుక్కులో రెండు వారాలు రాస్తే ఇంకా మంచిది: ఎప్పుడు లేచారు, ఏ పని తర్వాత పడిపోయారు, ఏ పూట కొంచెం బాగుంది, పగలు ఎంతసేపు పడుకున్నారు. రాయడం రానివాళ్ళకి పిల్లలు రాసి పెట్టవచ్చు. 'ముందు నేను పది మందికి వండేదాన్ని, ఇప్పుడు ఇద్దరికి వండలేకపోతున్నా' అనే ఒక్క వాక్యం డాక్టర్‌కి చాలా చెబుతుంది.

నడక: వినడానికి వింత, కానీ రుజువున్న మందు

ఓపిక లేదంటుంటే నడవమంటారేమిటి అనిపిస్తుంది. కానీ ఎక్కువ రుజువున్నది దీనికే. 2017లో 113 అధ్యయనాలు, 11,525 మంది రోగుల వివరాలు కలిపి చూసినప్పుడు, ఈ అలసట తగ్గించడంలో మందుల కంటే వ్యాయామం, మానసిక కౌన్సెలింగ్ బాగా పనిచేశాయని తేలింది. పూర్తి విశ్రాంతి తీసుకుంటే కండ ఇంకా కరుగుతుంది, కండ కరిగితే ఓపిక ఇంకా తగ్గుతుంది. ఈ చక్రాన్ని తెంచేది కదలికే.

2019లో అంతర్జాతీయ నిపుణులు సూచించిన లక్ష్యం: వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున మధ్యస్థ వేగంతో నడక లేదా అలాంటి వ్యాయామం. వారానికి రెండుసార్లు కండకి బలాన్నిచ్చే తేలిక వ్యాయామాలు. ఇది చేరుకోవాల్సిన చోటు, మొదలుపెట్టే చోటు కాదు.

మొదటి వారం రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఇంటి వరండాలో, సందు చివరి వరకు. వారం తర్వాత రెండు నిమిషాలు కలపాలి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలని మొదటి నెలలోనే పంతం పట్టాల్సిన పనిలేదు. వన్ టౌన్, చిట్టినగర్ వైపు కొండ మీద ఇళ్ళున్నవారికి మెట్లే పెద్ద వ్యాయామం. మధ్యలో ఒకచోట ఆగి కూర్చుని ఎక్కాలి.

బలం కోసం జిమ్ అక్కరలేదు. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా ఐదారుసార్లు లేచి కూర్చోవడం, అర లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మెల్లగా ఎత్తడం, గోడకి చేతులు ఆనించి తోయడం చాలు.

విజయవాడ ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. బందరు, అవనిగడ్డ వైపు ఉక్క ఎక్కువ. ఫజ్ర్ నమాజ్ అయ్యాక నడక మంచిది. ఎండాకాలం సాయంత్రం కూడా నేల సెగలు కక్కుతుంది. కీమో వల్ల అరికాళ్ళు తిమ్మిరెక్కినవారు చెప్పుల్లేకుండా నడవకూడదు. కాలినా తెలియదు. వుజూ చేసేచోట తడినేల మీద జారకుండా కూర్చుని చేసుకునేలా స్టూలు పెట్టాలి.

ఎముకలకి కేన్సర్ పాకినవారు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారు, గుండె జబ్బు ఉన్నవారు, చేయి వాపు ఉన్నవారు డాక్టర్‌ని లేదా ఫిజియోథెరపిస్టుని అడిగాకే మొదలుపెట్టాలి. జ్వరం ఉన్న రోజు నడక మానాలి.

ఓపికని డబ్బులా ఖర్చుపెట్టడం

నీరసం ఉన్నవారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. ఒకరోజు కాస్త బాగుందనిపిస్తే ఆగిన పనులన్నీ ఆ రోజే చేసేస్తారు. తర్వాత మూడు రోజులు మంచం పడతారు. రోజుకి చేతిలో వంద రూపాయలే ఉన్నాయనుకుంటే వాటిని ఎలా వాడతామో, ఓపికనీ అలాగే వాడాలి. అప్పు చేస్తే వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

- ఏ పని తప్పదో, ఏది వాయిదా వేయొచ్చో, ఏది వేరొకరికి ఇవ్వొచ్చో పొద్దున్నే తేల్చుకోవాలి.
- పెద్ద పనిని ముక్కలు చేయాలి. కూరగాయలు కూర్చుని తరగాలి. పిండి కలపడం, నీళ్ళ బిందెలు మోయడం వేరొకరు చేయాలి.
- ఓపిక ఎక్కువుండే పూటకే ముఖ్యమైన పని పెట్టుకోవాలి.
- అలసిపోయాక కాదు, అలసిపోకముందే ఆగాలి. పావుగంట పనికి ఐదు నిమిషాల విరామం.
- మరచిపోతుంటే ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి, గోడ క్యాలెండర్ మీద రాసుకోవాలి.
- చుట్టాలు చూడటానికి వస్తే అరగంట చాలని ఇంట్లోవాళ్ళే మర్యాదగా చెప్పాలి. రోగి లేచి చాయ్ పెట్టే పరిస్థితి రాకూడదు.

తిండి, చాయ్, నిద్ర

కండ తిరిగి పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. డెల్టాలో కంచం నిండా అన్నం, పక్కన కొంచెం కూర ఉంటుంది. ఆ లెక్క కొంచెం మారాలి. గుడ్డు, చేప, చికెన్, పప్పు, పెరుగు, శనగలు ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. ఒకేసారి తినలేకపోతే ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. మింగడం కష్టమైనవారికి మెత్తగా ఉడికించిన కిచిడీ, పప్పు కట్టు, రాగి జావ పనికొస్తాయి. షుగరు, కిడ్నీ సమస్య ఉన్నవారు మోతాదు అడిగి తెలుసుకోవాలి.

చాయ్ మనకి ప్రాణమే. కానీ అన్నం తినగానే తాగితే ఆహారంలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. భోజనానికీ చాయ్‌కీ గంట తేడా ఉండాలి. అసర్ తర్వాత తాగే చాయ్ రాత్రి నిద్రని చెడగొడుతుంది.

పగటి నిద్ర జొహర్ తర్వాత 20, 30 నిమిషాలు చాలు. రెండు మూడు గంటలు పడుకుంటే రాత్రి మేలుకోవాల్సి వస్తుంది. రోజూ ఒకే టైముకి లేవడం, పడక మీద ఫోన్ చూడకపోవడం చిన్న విషయాలే అయినా నిద్రమాత్ర కంటే ఎక్కువకాలం పనిచేస్తాయి.

నమాజ్, రోజా విషయంలో

చాలామంది పెద్దవాళ్ళని నీరసం కంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే: నిలబడి నమాజ్ చదవలేకపోతున్నాం, రోజాలు పోతున్నాయి అని. దీన్‌లో దీనికి దారి ముందే ఉంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకి ఒరిగి చదవవచ్చని ఇమ్రాన్ బిన్ హుసైన్ రిపోర్టు చేసిన హదీసు బుఖారీలో ఉంది. సూరా బఖరా 184, 185 ఆయతుల్లో జబ్బుపడినవారికి రంజాన్ రోజాల నుంచి వెసులుబాటు ఇచ్చారు. కోలుకునేవారు తర్వాత ఖజా పెట్టుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా మార్గం ఉంది. తమ పరిస్థితికి ఏది వర్తిస్తుందో డాక్టర్ మాట విన్నాక స్థానిక ఇమామ్‌ని లేదా ముఫ్తీని అడగాలి.

రోజా ఉండగలమనుకునేవారు రంజాన్‌కి నెల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. రోజుకొకసారి వేసుకునే మాత్రని ఇఫ్తార్ తర్వాతకి మార్చడం సాధారణంగా కుదురుతుంది. రోజుకు రెండు పూటలు, తిన్నాక వేసుకునే నోటి కీమో మాత్రల సంగతి అలా కాదు. వాటి టైము సొంతంగా మార్చకూడదు. తరావీహ్ ఇంట్లో, కుర్చీలో కూర్చుని, ఓపిక ఉన్నంతే చదివినా తప్పులేదు.

గ్లూకోజ్ బాటిళ్ళు, టానిక్కులు, ఆకు మందులు

నీరసం అనగానే దగ్గర్లోని ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకోవడం మన ప్రాంతంలో అలవాటు. 500 మిల్లీలీటర్ల 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే ఐదారు టీస్పూన్ల పంచదార. అంతకంటే ఎక్కువ బలం ఒక పూట భోజనంలో ఉంటుంది. 'బలం ఇంజెక్షన్' పేరుతో స్టెరాయిడ్ ఇస్తే రెండు రోజులు హుషారుగా ఉండి, తర్వాత షుగరు, ఇన్‌ఫెక్షన్ పెరగవచ్చు.

అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ, ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ సొసైటీ కలిసి 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చికిత్స ముగిసినవారికి వ్యాయామం, ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్, మనసు నిలిపే సాధన, యోగా సూచించారు. మెలకువ తెప్పించే మాత్రలని మామూలుగా వాడొద్దన్నారు.

కలోంజీ, తేనె ఆహారంలా కొంచెం తీసుకోవడం వేరు, మోతాదు తెలియని పొడులు, కషాయాలు రోజూ తాగడం వేరు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. యునానీ అయినా ఆయుర్వేదం అయినా ఏది వాడుతున్నారో కేన్సర్ డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి. నజర్ తగిలిందేమోనని దుఆ చదివించుకునేవారు చదివించుకోవచ్చు, అది రక్తపరీక్షకి అడ్డు కాకూడదు.

ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి

గుండు మీద జుట్టు మొలిచాక జబ్బు కనిపించదు. కనిపించని జబ్బుని నమ్మడం కష్టం. అత్తగారింట్లో ఉన్న కోడలికైతే మాటలు పడే భయం ఎక్కువ. ఆమె తరఫున భర్తే మాట్లాడాలి. డాక్టర్ దగ్గరికి ఒక్కసారైనా అత్తగారిని కూడా తీసుకెళ్తే, 'ఇది నిజమైన జబ్బే' అనే మాట డాక్టర్ నోట వింటే ఇంట్లో సగం గొడవ తీరుతుంది.

మగవాళ్ళ బాధ వేరేగా ఉంటుంది. ఆటోనగర్‌లో పనిచేసే మెకానిక్, బిర్యానీ సెంటర్ నడిపే మనిషి సంపాదన ఆగిందని సిగ్గుపడి, నీరసం దాచిపెట్టి పనిలోకి వెళ్తారు. 'నువ్వు ఏం చేయలేవు, పడుకో' అనడం కంటే 'లెక్కలు నువ్వు చూడు, నిలబడే పని తమ్ముడు చూస్తాడు' అనడం మేలు.

దిగులు రెండు వారాలకి మించి ఉండి, ఏదీ ఇష్టం లేకుండా పోతే అది కూడా చికిత్స చేయాల్సిన జబ్బే. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చూసుకునేవారు కూడా అలసిపోతారు. రాత్రి కాపలా, ఆసుపత్రి తిరుగుడు ఒక్కరి మీదే పడకుండా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకోవాలి.

ఉద్యోగం, ఖర్చు, ప్రయాణం

- ఈఎస్ఐ ఉన్నవారికి. కేన్సర్ ఈఎస్ఐ వారి 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది. 91 రోజుల మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ అయ్యాక, అర్హత ఉన్నవారికి సగటు వేతనంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ళ వరకు సాయం వస్తుంది. దీనికి రెండేళ్ళ ఉద్యోగం, నిర్ణీత రోజుల చందా ఉండాలి.
- రైల్లో. చికిత్సకి, చెకప్‌కి వెళ్ళే కేన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత సర్టిఫికెట్ కావాలి. హైదరాబాద్‌లో బసవతారకం, ఎంఎన్‌జే ఆసుపత్రులకి చెకప్‌కి వెళ్ళేవారు దీన్ని వాడుకోవాలి.
- బస్సులో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. అవనిగడ్డ, గుడివాడ, పెడన నుంచి చెకప్‌కి వచ్చే ఆడవాళ్ళకి ఇది చార్జీ మిగులుస్తుంది.
- ఎన్టీఆర్ వైద్యసేవ. ఈ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో వైద్యమిత్ర కౌంటర్ ఉంటుంది. చికిత్స ముగిశాక ఏ పరీక్షలు, మందులు పథకంలోకి వస్తాయో అక్కడే అడగాలి.

పరీక్షల కోసం ప్రతిసారీ పెద్ద ఆసుపత్రికే వెళ్ళక్కర్లేదు. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ వంటివి దగ్గర్లోనే చేయించుకుని, రిపోర్టు పట్టుకుని కేన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక ప్రయాణం తప్పుతుంది. డెల్టా ప్రాంతంవారికి ప్రభుత్వ రంగంలో విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోని నాట్కో కేన్సర్ సెంటర్ అందుబాటులో ఉన్నాయి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు

- జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే. ముఖ్యంగా కీమో జరుగుతున్నప్పుడు, అయిపోయిన కొద్ది వారాల్లో.
- కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ.
- కళ్ళు తిరిగి పడిపోవడం, అయోమయంగా మాట్లాడటం.
- ఎక్కడైనా రక్తం కారడం, మలం నల్లగా రావడం.
- ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం.
- కొన్ని రోజుల్లోనే మంచం దిగలేనంత నీరసం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా వచ్చి తగ్గని నొప్పి.
- బతకాలని లేదనే మాట నోట రావడం. అలాంటప్పుడు మనిషిని ఒంటరిగా వదలకూడదు.

నడిచి లేదా ఆటోలో వెళ్ళే పరిస్థితి లేకపోతే 108కి ఫోన్ చేయాలి. మిగతా సందర్భాల్లో తర్వాతి చెకప్ తేదీ వరకు ఆగవచ్చు. ఆ రోజు సంచీలో పాత రిపోర్టులు, వాడుతున్న మందులన్నీ, రెండు వారాలు రాసిన నోటుబుక్కు ఉండాలి.